చిట్టి గులాబీల నామకరణ చరిత్ర



మన ఇళ్ళలో బిడ్డ పుడితే ఇరవై ఒకటో నాడు బారసాల చేస్తాం. పళ్ళెంలో బియ్యం పరచి తండ్రి చేత పేరు రాయిస్తాం. బిడ్డ చెవిలో ఆ పేరు చెబుతాం. పువ్వుకు ఇంత తతంగం ఎక్కడిది అనుకుంటాం. కాని కొత్తగా పుట్టిన గులాబికి కూడా నామకరణం ఉంది. దానికీ ఒక రిజిస్టరు ఉంది, నియమాలు ఉన్నాయి. అందులో ఒకసారి ఎక్కిన పేరును ఇష్టం వచ్చినప్పుడు మార్చడానికి వీలులేదు.

ఉగాది సంచికలో గులాబీల ముచ్చట ఎందుకని పెద్దలు అడగవచ్చు. రెండు కారణాలు మనవి చేస్తాము. మొదటిది, చిట్టి గులాబీల కథలో మన మారిషస్ ద్వీపానికి పాత్ర ఉంది. రెండవది, ఒకరి పేరును వారి భాష తెలియనివారు రిజిస్టరులో రాస్తే ఏమవుతుందో మారిషస్ తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ద్వీపం దాటిన పువ్వు

చిట్టి గులాబి అంటే సాధారణంగా మోకాలి ఎత్తు దాటని మొక్క. పువ్వు పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది. పువ్వు ఒక్కటే చిన్నదైతే చాలదు. ఆకు, కొమ్మ, మొగ్గ అన్నీ అదే కొలతలో ఉండాలి. ఆంధ్రదేశంలో కొందరు దీన్ని బటన్ గులాబి అంటారు. మేము చిట్టి గులాబి అంటాము.

అసలు గులాబి అనే మాటే మనకు బయటినుంచి వచ్చింది. పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. పన్నీటి పేరు తిరిగి తిరిగి మన భాషలో పువ్వు పేరైంది. రోజా అనే మాట ఐరోపా నుంచి వచ్చింది. పేర్లు సముద్రాలు దాటుతాయి, దాటేటప్పుడు మారతాయి. ఈ సంగతి మొదటే గుర్తు పెట్టుకోవాలి.

చిట్టి గులాబి పూర్వీకులు చైనా గులాబీలు. 1810 ప్రాంతంలో రాబర్టు స్వీటు అనే ఉద్యానవేత్త మారిషస్ నుంచి ఒక మరుగుజ్జు చైనా గులాబిని ఇంగ్లండుకు తెప్పించాడని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. తూర్పు దేశాల మొక్కలు ఈ ద్వీపానికి చేరడం అప్పటికి కొత్త కాదు. పియేర్ పువావ్ర్ 1770లో పాంప్లెమూస్ తోటను కొని, దూరదేశాల మొక్కలను అక్కడ పెంచాడు. ఆ ఊరి పేరు కూడా ఒక పండు పేరే. మన పంపరపనసను ఫ్రెంచివారు పాంప్లెమూస్ అంటారు.

ద్వీపం పేరు మారిన కాలం కూడా అదే. డచ్చివారు 1598లో తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1715లో ఫ్రెంచివారు వచ్చి 'ఫ్రాన్సు ద్వీపం' అన్నారు. 1810 డిసెంబరులో ఆంగ్లేయులు గెలిచి పాత పేరును మళ్ళీ తెచ్చారు. మనవాళ్ళ రాక ఆ తరవాతి మాట. 'అట్లాసు' ఓడ ఒప్పందపు కూలీలను తీసుకుని పోర్ట్ లూయీ చేరింది 1834 నవంబరు 2న.

ద్వీపం దాటిన ఆ పువ్వుకు ఇంగ్లండులో 'మిస్ లారెన్సు గులాబి' అని పేరు వచ్చింది. మేరీ లారెన్సు 1799లో గులాబీల బొమ్మల పుస్తకం ప్రచురించిన చిత్రకారిణి. అలాంటి చిన్న గులాబీలను పారిస్‌లో కుండీలలో పెంచారు. వాటిలో 1839 నాటి 'పాంపాన్ ద పారీ' ఒకటి. పువ్వు పుట్టిల్లు చైనా, మజిలీ మారిషస్. పేర్లలో మిగిలినవి లండన్ చిత్రకారిణి, పారిస్ నగరం.

కిటికీలో దొరికిన గులాబి

పెద్ద గులాబీల మోజు వచ్చి ఐరోపా తోటమాలులు చిన్నవాటిని మరచిపోయారు. అవి మళ్ళీ కనబడింది స్విట్జర్లండులో. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రూలే అనే సైనిక వైద్యాధికారి ఒక కొండపల్లెలో, ఇళ్ళ కిటికీల్లోని కుండీలలో, అతి చిన్న గులాబి మొక్కలను చూశాడు. తమ ఇళ్ళలో తరతరాలుగా ఉన్నాయని ఆ పల్లెవారు చెప్పారట. ఆయన ఈ సంగతి జెనీవాలోని మొక్కల నిపుణుడు ఆన్రీ కొరెవాన్‌కు చెప్పాడు. కొరెవాన్ రాసినదాని ప్రకారం, మొక్క కోసం వెళ్ళేసరికి మోబోర్జే అనే ఆ పల్లె అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పక్కనున్న ఓనాన్ అనే ఊళ్ళో ఒక ఇంట అదే మొక్క దొరికింది. దాని కొమ్మలతోనే కొరెవాన్ మొక్కలు పెంచి లోకానికి ఇచ్చాడు.

ఆయన ఆ గులాబికి స్నేహితుని పేరు కలిపి 'రోజా రూలెటీ' అని లాటిన్ పేరు పెట్టాడు. ఇది పాత 'పాంపాన్ ద పారీ' కాని, దానికి అతి దగ్గర చుట్టం కాని అని చాలామంది గులాబీ పండితుల అభిప్రాయం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మొక్కను చూసినవాని పేరు దానికి వచ్చింది. తరతరాలు కుండీలో నీళ్ళు పోసి, మంచు పడినప్పుడు ఇంట్లో పెట్టి కాపాడిన ఆ పల్లె తల్లుల పేర్లు ఎక్కడా లేవు. కొరెవాన్ కృతఘ్నుడని మేము అనడం లేదు. రిజిస్టర్లు రాసేవారికి కనబడేది ఎదుట నిలబడి చెప్పేవాడే అని మాత్రం అంటాము.

ప్యూను నుంచి బొటనవేలి వీరుడు

ఆ మొక్క హాలండులో బోస్కోప్ అనే మొక్కల ఊరికి చేరింది. అక్కడ యాన్ ద వింక్ అనే చిన్న తోట యజమాని 'రూలెటీ'ని 'గ్లోరియా ముండి' అనే మరో గులాబితో కలిపి కొత్త మొక్కను పుట్టించాడు. ఎర్రని పువ్వు, మధ్యన తెలుపు. పనిగట్టుకుని సంకరం చేసి పుట్టించిన నేటి చిట్టి గులాబీలలో ఇది తొలినాటిది. దానికి ద వింక్ పెట్టిన పేరు 'పియాన్'.

ఆ మాట మనకు తెలియనిది కాదు. స్పానిషు, పోర్చుగీసు భాషల్లో అది కాలినడక మనిషి, కూలివాడు. ఇండియాలో తెల్లదొరల కచేరీలో అదే ప్యూను, మన బంట్రోతు. చదరంగంలో బంటుకు ఆంగ్లేయులు వాడే మాట కూడా ఆ మూలం నుంచి వచ్చినదే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో రాబర్టు పైల్ అనే గులాబీల వ్యాపారి ఉండేవాడు. ద వింక్ మొక్కను చూసి ముచ్చటపడి తీసుకువెళ్ళి, 1936లో అమ్మకానికి పెట్టాడు. పేరు మాత్రం మార్చాడు. 'టామ్ థంబ్' అన్నాడు. టామ్ థంబ్ ఆంగ్లేయుల పిల్లల కథల్లో బొటనవేలంత వీరుడు. పువ్వు బాగా అమ్ముడుపోయింది. ఆ పేరే నిలిచింది.

ఒప్పందపు కూలీల మనుమలుగా ఈ కథ చదివినప్పుడు మాకు కొంచెం నవ్వు, కొంచెం ఆలోచన కలిగాయి. వ్యాపారి చేసినది తప్పనలేము. కూలివాని పేరుతో ఉన్న పువ్వును కొని వరండాలో పెట్టుకునేవారు ఎందరు? కాని ఒక పేరు గౌరవం ఆ పేరులో లేదు, దాన్ని వినేవారి మనసులో ఉంది. ఇదే పైల్ కంపెనీ ఫ్రాన్సులో మేయాన్ కుటుంబం పుట్టించిన ఒక పెద్ద గులాబికి 1945 ఏప్రిల్ 29న 'పీస్', అంటే శాంతి, అని పేరు పెట్టింది. ఆ వసంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి సభకు వచ్చిన ప్రతినిధి బృందాలకు ఆ పువ్వునే ఇచ్చారు. ఫ్రాన్సులో అదే పువ్వు 'మదాం ఆ. మేయాన్', కన్న కొడుకు తల్లికి ఇచ్చిన కానుక. జర్మనీలో 'గ్లోరియా దేయీ', ఇటలీలో 'జోయా'. ఒక్క పువ్వుకు నాలుగు దేశాల్లో నాలుగు పేర్లు!

చిన్నదానికి ఎలాంటి పేరు?

టామ్ థంబ్ తరవాత వచ్చిన పేర్లు చూస్తే ఒక వరస కనబడుతుంది. ద వింక్ గులాబీలే తీసుకోండి: 'పిక్సీ', 'మిడ్జెట్', 'స్వీట్ ఫెయిరీ', 'రెడ్ ఇంప్', 'సిండ్రెల్లా'. అన్నీ మరుగుజ్జులు, యక్షిణులు, గిల్లికజ్జాల బుడతలు. చిన్నది కనుక చిన్నదని పిలవడమే.

స్పెయిన్‌లో కతలోనియా ప్రాంతానికి చెందిన పేద్రో దోత్ మరో దారి తొక్కాడు. ఒక చిట్టి గులాబికి తమ ప్రాంతపు పవిత్ర పర్వతం పేరు కలిపి 'పెర్లా ద మొన్సెరాత్', అంటే మొన్సెరాత్ ముత్యం, అన్నాడు. అది 1945 నాటి పేరు. మరుగుజ్జు అని వెక్కిరించకుండా ముత్యమని, ఊరివారు మొక్కే కొండ ముత్యమని పిలిచాడు. 1957లో ఆయన విడుదల చేసిన మరో గులాబి మొగ్గ గోధుమగింజతో పోల్చదగినంత చిన్నది. దాని పేరు 'సీ', అంటే అవును. అతి చిన్న పువ్వుకు అతి చిన్న పేరు.

కాలిఫోర్నియాలో వైసేలియా ఊరివాడైన రాల్ఫ్ మూర్ 1907లో పుట్టి 2009లో మరణించాడు. చిట్టి గులాబీలకు పితామహుడని పేరు పొందిన ఆయన మూడువందలకు పైగా రకాలు పుట్టించాడు. 'గ్రీన్ ఐస్', 'మ్యాజిక్ కారౌసెల్', 'రైజ్ అండ్ షైన్' ఆయనవే. రంగును, చూపును పట్టి పెట్టిన పేర్లు ఇవి.

ఇండియాలో డాక్టర్ బి.పి. పాల్ వ్యవసాయ పరిశోధనలో ఎంత పేరు పొందారో గులాబీలలోనూ అంతే. ఆయన చిట్టి గులాబి 'దిల్లీ స్టార్లెట్' 1963 నాటిది. ఊరి పేరు మనది, విశేషణం ఆంగ్లేయులది. దిల్లీ పరిశోధనాలయం నుంచే తరవాత 'మోహిని', 'మృణాళిని', 'రక్తగంధ' వంటి పెద్ద గులాబీలు వచ్చాయి. వాటికి భారతీయ పేర్లు పెట్టినందువల్ల ప్రపంచం కొనడం మానలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, ఉద్యోగం విడిచి కొడైకెనాల్‌లో గులాబీలు పెంచిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఒక గులాబికి 'గోల్డెన్ త్రెషోల్డ్' అని పేరు పెట్టారు. హైదరాబాదువారికి ఆ మాట వినగానే సరోజినీ నాయుడు గారి ఇల్లు గుర్తుకు వస్తుంది. ఇంకొక దానికి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. పని చేసినవారి పేరు పువ్వు మోయడం మంచి సంప్రదాయం.

మన తెలుగు పెద్దలు పువ్వులకు పేర్లు పెట్టిన తీరు కూడా చూడండి. సాయంత్రం విచ్చేది చంద్రకాంత. పొద్దును చూసి తిరిగేది పొద్దుతిరుగుడు. శంఖంలా ఉన్నది శంఖుపుష్పం. జాజిలో సన్ననిది సన్నజాజి, బంతిలో నిండైనది ముద్దబంతి. మామిడికి ఊరి పేరుంటే బంగినపల్లి, రుచి పేరుంటే చెరకురసం. చూసి, వాసన పట్టి, తిని పెట్టిన పేర్లు ఇవి. రిజిస్టరు లేకపోయినా ఇన్ని తరాలు నిలిచాయి.

రిజిస్టరు నియమాలు

పీస్ గులాబికి వచ్చినట్లు ఒక్క మొక్కకు నాలుగు పేర్లు, నాలుగు మొక్కలకు ఒక్క పేరు వస్తే కొనేవాడు మోసపోతాడు. అందుకని 1953లో సాగుమొక్కల నామకరణానికి అంతర్జాతీయ నియమావళి వెలువడింది. గులాబీల రిజిస్టరు బాధ్యత 1955 నుంచి అమెరికన్ రోజ్ సొసైటీ చూస్తున్నది.

నియమాలలో ముఖ్యమైనవి ఇవి. పేరు ఇదివరకు మరో గులాబికి ఉండకూడదు, మరో పేరుతో పొరబడేలా ఉండకూడదు. ముప్పై అక్షరాలు మించకూడదు. 'అన్నిటికన్నా గొప్ప' వంటి డాబు మాటలు పనికిరావు. 1959 నుంచి కొత్త రకాలకు లాటిన్ పేర్లు కుదరవు, బతికున్న భాషలోనే పెట్టాలి. జీవించి ఉన్నవారి పేరు పెట్టాలంటే వారి అనుమతి కావాలి. ఇక మాకు బాగా నచ్చినది ఒకటుంది: పేరును మరో భాషలోకి అనువదించి అసలు పేరని చెప్పరాదు. లిపి మార్చి రాయవచ్చు, మాట మార్చరాదు. అంటే తెలుగులో పెట్టిన పేరు జపానులోనూ తెలుగు పేరే.

వ్యాపారులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. రిజిస్టరులో ఒక సంకేతనామం పెడతారు. దాని మొదటి మూడు అక్షరాలు పుట్టించినవారి గుర్తు. మేయాన్ వారి ప్రసిద్ధ చిట్టి గులాబి 'స్టారినా' సంకేతనామం 'మేయ్‌గాబి'. సంకేతనామం స్థిరంగా ఉంటుంది, అంగడి పేరు దేశానికొకటి కావచ్చు.

మన పేర్ల సంగతి

సంకేతాలు, రిజిస్టర్లు అనేసరికి మాకు ఆప్రవాసీ ఘాట్ గుర్తుకు వస్తుంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించిన ఆ రాతి మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాలనుంచి వచ్చినవారు తమ పేరు నోటితో చెప్పారు. గుమాస్తా తన చెవికి తోచినట్లు రాశాడు. అప్పడు 'అప్పడూ' అయ్యాడు. అప్పన్న 'అప్పానా' అయ్యాడు. సింహాద్రి 'సీమాద్రీ' అయ్యాడు. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక అనే మన ఆచారం గుమాస్తాకు తెలియదు. తాత సొంత పేరు మనుమలకు ఇంటిపేరైంది. అసలు ఇంటిపేర్లు ఎన్నో సముద్రంలో కలిసిపోయాయి. ఇప్పుడు ఆంధ్రదేశంలో చుట్టాలను వెతకబోయినవారికి ఆ లోటు తెలుస్తుంది.

మా ఇంట మూడు తరాలు బడిపంతుళ్ళం. హాజరుపట్టీలో పిల్లల పేర్లు పిలిచినప్పుడల్లా ఆ గుమాస్తా చెవితోనే పిలుస్తున్నామని ఎరుగుదుము. ఆయన మీద మాకు కోపం లేదు. మన మాట మనం రాసుకోగలిగి ఉంటే ఈ మార్పు జరిగేది కాదని మాత్రం చింత.

ఇప్పుడు అసలు సంగతి. మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పెద్దలలో ఒకరు తోటపని మీద ప్రేమ కలవారు. వారు రెండు చిట్టి గులాబీలను కలిపి, కాయలోని గింజలు నాటగా మొలిచిన వాటిలో ఒకటి బాగా వచ్చింది. లేత పసుపు పువ్వు, రేకు అంచున కుంకుమ రంగు. పేరు చెప్పమని తరగతిని అడిగారు. మేము నల్లబల్ల మీద పేర్లు రాయించాము.

చిన్నపిల్లలు 'చిట్టి' అన్నారు. ముద్దుగా ఉంది, కాని మళ్ళీ చిన్నదని పిలవడమే. అమ్మలు 'పసుపుకుంకుమ' అన్నారు. పువ్వు చూసినవారెవరైనా ఒప్పుకునే పేరు. ఫ్రెంచి పద్ధతిలో దాన్ని రాయబోతే పలకమీద చోటు చాలలేదు, పిల్లలు పగలబడి నవ్వారు. ఒక యువకుడు లేచి 'కోరంగి' అన్నాడు. తరగతి నిశ్శబ్దమైంది.

కోరంగి గోదావరి ముఖద్వారాన పాత ఓడరేవు. 1789లో, మళ్ళీ 1839లో తుపానులు దాన్ని ముంచెత్తాయి. ఆ రేవు వైభవం పోయినా పేరు సముద్రం దాటింది. ఈ ద్వీపంలోనూ, బర్మాలోనూ తెలుగువారిని కోరంగివారని పిలిచారు. ఒక పెద్దాయన, "అది మనం పెట్టుకున్న పేరు కాదు నాయనా, ఇతరులు మనకు పెట్టినది. పువ్వుకు అదెందుకు?" అన్నారు. ఆ కుర్రవాడు వినయంగానే జవాబు చెప్పాడు: "తాతగారూ, ఊరు మనది. పిలిచినవారు మన ఊరి పేరునే పలికారు. పలకడం రాక మార్చారు. మనం సరిగ్గా రాస్తే అది మళ్ళీ మనదవుతుంది కదా!"

రెండు వారాలు వాదన సాగింది. చివరకు ఆ పెద్దాయనే ఒక షరతు మీద ఒప్పుకున్నారు. పాత కాగితాల్లో ఉన్నట్లు 'సి' అక్షరంతో, చివర రెండు 'ఇ'లతో రాయకూడదు. 'కె'తో మొదలుపెట్టి, 'ర' తరవాత 'ఎ' రాసి, ఒక్క 'ఐ'తో ముగించాలి. తెలుగు నోరు పలికినట్లు ఉండాలి. గులాబి యజమాని అంగీకరించారు.

దరఖాస్తు ఇంకా పంపలేదు. కొమ్మలు నాటి మరి రెండు మూడేళ్ళు చూడాలి. ప్రతి మొక్కా తల్లిమొక్కలాగే పూయాలి, చిన్నదిగానే ఉండాలి, తెగుళ్ళకు తట్టుకోవాలి. ఆ పేరు మరో గులాబికి లేదని రిజిస్టరులో వెతికి నిర్ధారించుకోవాలి. ఉంటే పసుపుకుంకుమ సిద్ధంగా ఉంది.

యువతీయువకులకు మా మనవి ఒకటే. మన ఇళ్ళలో పుట్టే బిడ్డల పేర్లు రిజిస్టరులో రాయించేటప్పుడు ఆ పేరు ముందు తెలుగులో రాసి చూడండి. దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని పెద్దలను అడగండి. ఆ తరవాతే గుమాస్తా ముందు ఫ్రెంచి అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో మీరే రాసి ఇవ్వండి. అక్షరాలు రానివారికి మా తరగతి తలుపు ప్రతి సాయంకాలం తెరిచే ఉంటుంది.